మడ అడవిలోకి పడవ మీద వెళ్లొద్దామా?

నీళ్లంటే మన వెలిగండ్ల, కనిగిరి, పామూరు వైపు ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది బిందె. ట్యాంకరు వచ్చిందా, బోరు పోస్తోందా, ఫ్లోరైడు లేని తాగునీళ్లు ఇవాళ ఎక్కడ దొరుకుతాయి... ఇదీ మనకూ నీళ్లకూ ఉన్న చుట్టరికం! మోపాడు రిజర్వాయరు నిండిన ఏడాది గట్టు మీద నిలబడి కళ్లారా చూసుకుంటాం. కంభం వెళ్తే అంత పెద్ద చెరువునూ చూసి, దాన్ని కట్టించింది శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ అని చెబితే ‘ఆడమనిషే!’ అని కాస్త పొంగిపోతాం. అంతకు మించి నీళ్లలోకి దిగింది లేదు. మనలో ఈత వచ్చిన వాళ్లెందరు? పడవ ఎక్కిన వాళ్లెందరు?

సెలవులొస్తే తిరుపతి, శ్రీశైలం, కుదిరితే విజయవాడ అమ్మవారు. మంచిదే. కానీ ఒక్కసారి దారి మార్చి, సముద్రమూ నదీ కలిసే చోట చిన్న పడవలో కూర్చుని, దారి తెలిసిన మనిషి వెంట రాగా, పక్షుల్నీ జంతువుల్నీ వాటి ఇంట్లోనే చూసి వస్తే ఎలా ఉంటుంది? ఈ వ్యాసం అందుకే. ఖర్చు, దారి, బట్టలు, తిండి, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లలతో పడవ ఎక్కేటప్పుడు ఇల్లాలు చూసుకోవాల్సినవి, అన్నీ మాట్లాడుకుందాం.

ఆడవాళ్లు కుట్టిన పడవ

విదేశాల్లో ఈ సరదాకు ‘సీ కయాకింగ్’ అని పేరు. కయాక్ అంటే ఒక్కరో ఇద్దరో మాత్రమే పట్టే సన్నని పొడవాటి పడవ. ఇంజను ఉండదు. రెండు కొసలా రెక్కలున్న ఒకే తెడ్డు. కవ్వం తాడును ఒక చేత్తో లాగి ఇంకో చేత్తో వదులుతూ మజ్జిగ చిలుకుతాం చూడండి, ఇంచుమించు అదే కదలిక. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. పడవ కత్తిలా నీళ్లను కోసుకుంటూ పోతుంది. చప్పుడు లేకపోవడంతో పక్షులు బెదరవు. మన ముందో వెనకో గైడు ఇంకో కయాక్‌లో ఉంటాడు. గాలి ఎటు మారుతోంది, నీరు ఎటు లాగుతోంది, ఏ కొమ్మ మీద ఏ పిట్ట కూర్చుంటుంది, ఇవన్నీ అతనికి కొట్టిన పిండి.

ఈ పడవ పుట్టింది గ్రీన్‌లాండ్, అలాస్కా, ఉత్తర కెనడా వంటి మంచు ప్రాంతాల్లో. అక్కడి మగవాళ్లు సీల్ జంతువుల వేటకు దీన్ని వాడేవారు. కొట్టుకొచ్చిన కర్రలతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మం తొడిగేవారు. ఆ చర్మాన్ని కుట్టే పని ఎవరిదనుకున్నారు? ఆడవాళ్లది! సూది చర్మాన్ని పూర్తిగా దాటి అవతలికి రాకుండా, సగం మందంలోనే తిప్పి, చుక్క నీరు లోపలికి రాకుండా కుట్టేవారు. ఆ కుట్టు వదిలితే మంచునీళ్లలో మొగుడి ప్రాణం పోయినట్టే. పిల్లాపాపలతో, సామానుతో ఇల్లంతా కదలాలంటే మాత్రం ‘ఉమియాక్’ అని వేరే పెద్ద పడవ ఉండేది. దాన్ని ఆడవాళ్లే నడిపేవారు. అందుకని దాన్ని ‘ఆడవాళ్ల పడవ’ అనే పిలిచేవారట.

మన రాష్ట్రంలో కయాక్ చూడాలంటే విశాఖ రుషికొండ బీచ్‌కి వెళ్లొచ్చు. అండమాన్లలో హేవ్‌లాక్ దీవి (2018 నుంచి దీని పేరు స్వరాజ్ ద్వీప్) దగ్గరైతే వెన్నెల లేని రాత్రి గైడుతో కయాక్‌లో తీసుకెళ్తారు. తెడ్డు వేసినచోటల్లా నీళ్లు నీలంగా మెరుస్తాయి. కంటికి కనిపించనంత చిన్న జీవులు కదలికకు వెలుగునిస్తాయి, అదీ సంగతి. అండమాన్లలో మన తెలుగు వాళ్లకేం కొదవ లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. అయితే ఆ ఖర్చు మనకు ఇప్పట్లో పొసగదు. మన చేతికందే దూరంలో, ఇంటిల్లిపాదీ వెళ్లగలిగే చోటు కాకినాడ పక్కన ఉంది. కోరింగ.

ఉప్పునీళ్లలో అడవి

గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి ఊరు. అక్కడి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు కోరంగి గొప్ప రేవు. బర్మాకు కూలికి పోయిన తెలుగువాళ్లు ఈ తీరం నుంచే ఓడలెక్కడంతో రంగూన్‌లో వాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. 1789లో ఒక తుపాను, 1839లో మరో తుపాను ఆ రేవును తుడిచిపెట్టాయి.

అడవి అంటే నల్లమల లాగా ఉంటుందనుకోకండి. కాళ్ల కింద నేల ఉండదు, బురద. ఆ బురద రోజుకు రెండుసార్లు సముద్రపు నీటిలో మునుగుతుంది, రెండుసార్లు తేలుతుంది. బురదలో గాలి ఆడదు. అందుకని మడచెట్టు వేళ్లు కింద నుంచి పైకి, పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ లేచి గాలి పీలుస్తాయి. ఉప్పు సంగతి ఇంకా చిత్రం. చెట్టు నీళ్లతోపాటు లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల మీదికి చెమటలాగా నెట్టేస్తుంది. మధ్యాహ్నం పూట మడ ఆకును వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. (ఏ ఆకు పడితే ఆ ఆకు ముట్టుకోవద్దు సుమా! ‘తిల్ల’ చెట్టు పాలు కంట్లో పడితే కన్ను పోయేంత ప్రమాదం. గైడును అడిగే ముట్టుకోవాలి.)

కొన్ని చెట్లకు మునక్కాయల్లాంటివి వేలాడుతూ కనిపిస్తాయి. అవి కాయలు కావు, మొలకలు. గింజ నేల మీద పడితే ఉప్పునీళ్లు దాన్ని మొలకెత్తనివ్వవు. అందుకని తల్లి చెట్టు మీదే మొలకెత్తి, మూరెడు పెరిగాక బురదలోకి జారి నిలబడుతుంది. పురిటికి పుట్టింటికి వచ్చి, బిడ్డ మెడ నిలిచాక అత్తారింటికి వెళ్లినట్టు!

ఈ అడవికీ మీ వంటింటికీ సంబంధం ఉంది. రొయ్యలు, పీతలు, అనేక రకాల చేపలు చిన్నతనం గడిపేది ఈ వేళ్ల మధ్యనే. పెద్ద చేపలు లోపలికి రాలేవు, తిండికి కొదవ ఉండదు. కాస్త ఎదిగాక సముద్రంలోకి పోతాయి. మడ నరికితే వలలు ఖాళీ. 1990లలో రొయ్యల చెరువుల కోసం కోస్తా అంతా ఎలా తవ్వారో ఒంగోలు, చీరాల వైపు చుట్టాలుంటే వాళ్లను అడగండి, చెబుతారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. ఇక తుపాను అలల దెబ్బను ముందు తాను తిని, వెనక ఊళ్ల మీద దాని జోరు తగ్గించేది కూడా ఈ మడే.

ఏం కనిపిస్తాయి?

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కోరింగ అనగానే అందరూ చెప్పేది బావురుపిల్లి గురించి. చేపల్ని వేటాడే అడవిపిల్లి అది, మన ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. కానీ అది తిరిగేది రాత్రిళ్లు. పగటి పడవలో మీకు కనిపించడం అదృష్టం మీద అదృష్టం. దానికోసమే వెళ్తే నిరాశ తప్పదు. నీటికుక్కలు మాత్రం పొద్దున్నే వెళ్తే కనిపించే అవకాశం ఉంది. గుంపుగా తిరుగుతాయి, చేపను రెండు చేతులతో పట్టుకుని నమిలే తీరు చూస్తే పిల్లలు కిలకిలా నవ్వుతారు.

పక్షులకైతే లోటే లేదు. లకుముకి పిట్టలు, గరుడ పక్షులు, కొంగలు, చలికాలం ఉత్తర దేశాల నుంచి వచ్చే చిన్న చిన్న ఒడ్డు పక్షులు. నీరు తీసినప్పుడు బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి, అవి నీటి బయట కూడా బతకగలవు! వాటి పక్కనే చిన్న పీతలు. మగపీతకు ఒక చెయ్యి చిన్నది, రెండోది తన ఒంటి అంత పెద్దది. ఆ పెద్ద చేతిని ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది. ఒడ్డంతా వందల మగపీతలు చేతులూపుతుంటే బస్టాండులో చుట్టాలకు వీడ్కోలు చెబుతున్నట్టుంటుంది.

అడవికి అవతల, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఇసుక తిన్నె హోప్ ఐలాండ్. కాకినాడకు అడ్డుగోడ లాంటిది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఒడ్డుకొస్తాయి. ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. దాదాపు 50 రోజులకు పిల్లలు వాటంతట అవే పైకొచ్చి, నీటి మెరుపును చూసి సముద్రం వైపు పరుగుతీస్తాయి. ఒడ్డున విద్యుద్దీపాలుంటే దారి తప్పి అటు పోయి చస్తాయి. పెద్ద తాబేళ్లు వలల్లో చిక్కి, గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక చనిపోతున్నాయి. ఆ రోజుల్లో తిన్నె మీద గుడ్లున్న చోటికి వెళ్లాలని పట్టుబట్టకండి.

ఏ రోజు వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం కూడా. రేడియోలోనో టీవీలోనో వాయుగుండం అని వింటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే.

ఇంకో మాట. గోడ మీద క్యాలెండరు ఉందిగా, తిథులు చూడండి! అమావాస్య, పౌర్ణమి ముందూ వెనకా పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువ. అంటే నీరు బాగా పొంగి, బాగా తీసేస్తుంది. అష్టమి దగ్గర్లో రెండూ తక్కువ. బాగా తీసిన వేళ పడవ బురదలో ఆగిపోతుంది, కాలువల్లోకి పోనివ్వరు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ‘నిన్న తొమ్మిదింటికి వెళ్లారట, మనమూ తొమ్మిదింటికి’ అనుకుంటే కుదరదన్న మాట. ముందు రోజే కాకినాడలో కనుక్కోండి. పొద్దుటి పూటైతే గాలి నెమ్మదిగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేచి అలలు రేగుతాయి.

కోరంగిలో అటవీశాఖ ఆధ్వర్యంలో ఊరి మత్స్యకారులే పడవలు నడుపుతారు. మడచెట్ల మధ్య నడవడానికి చెక్కల బాట ఉంది. పడవకు భయపడే అత్తగారికి ఆ బాట ఒక్కటే చాలు, సగం అడవి అక్కడే చూడొచ్చు. పడవలకు ఇంజను ఉంటుంది. లోపలి కాలువలోకి వెళ్లాక ‘బాబూ, ఓ పది నిమిషాలు ఇంజను ఆపుతావా’ అని అడగండి. సాధారణంగా కాదనరు. ఆ పది నిమిషాలూ పిల్లల్ని మాట్లాడకుండా కూర్చోబెడితే, టికెట్టు డబ్బులు అప్పుడే గిట్టుబాటవుతాయి.

జాకెట్ వేసుకున్నాకే అడుగు

2017 నవంబరు 12. కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర కృష్ణలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది మన ఒంగోలు వాళ్లు. హారతి చూడాలని సరదాగా బయల్దేరిన కుటుంబాలు. ఆ పడవకు అనుమతి లేదు. ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. మళ్లీ 2019 సెప్టెంబరు 15న, వరద మీదున్న గోదావరిలో పాపికొండలకు వెళ్లే పడవ కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది వరకు పోయారు.

ఇవి రాసింది మిమ్మల్ని భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు. పడవ దగ్గర ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించుకోండి. జనం తోసుకుంటున్నారు, పిల్లలు గంతులేస్తున్నారు, మీ వారు చెయ్యి పట్టి ‘రా రా, పడవ కదుల్తోంది’ అంటున్నారు. జాకెట్లేవని అడిగితే పడవ వాడు ‘ఏం కాదమ్మా, రోజూ తిప్పేదే’ అంటాడు. నలుగురిలో ఎందుకు గొడవని మనం నోరు మూసుకుంటాం. అక్కడ మూసుకోకూడదు. ‘పిల్లలందరికీ జాకెట్లు ఇస్తేనే ఎక్కుతాం, లేకపోతే డబ్బులు వెనక్కివ్వు’ అని ఒడ్డు మీదే అనండి. ఒడ్డు మీద అయితే మన మాట చెల్లుతుంది. నడి నీళ్లలో ఎవరి మాటా చెల్లదు. మీరు అడిగితే పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా గొంతు కలుపుతారు, చూస్తూ ఉండండి.

జాకెట్ ఇచ్చారు సరే, సరిపోయిందా? బెల్టులన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేచి వస్తే అది వదులు, నీళ్లలో మనిషి కిందికి జారిపోతాడు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే వేయనట్టే లెక్క. చిన్న సైజు లేకపోతే ఆ బిడ్డను తీసుకెళ్లొద్దు. చంటిపిల్లను చీర కొంగుతో ఒంటికి కట్టుకుని ఎక్కకండి. సీటు కింద దాచిన జాకెట్ కూడా పనికిరాదు, బోల్తా పడ్డాక ఎవరూ వెతుక్కోలేరు.

ఎంతమంది ఎక్కాలో పడవ మీద రాసి ఉంటుంది, లెక్కపెట్టండి. ఎక్కేటప్పుడు అంచు మీద కాకుండా నడిమధ్యలో అడుగు వేయాలి. ‘అదిగో నీటికుక్క!’ అని ఎవరో అరవగానే అందరూ లేచి ఒక వైపుకు పోతారే, పడవలు ఒరిగేది అప్పుడే. కూర్చునే చూడాలి. ఎప్పుడైనా రుషికొండలో కయాక్ ఎక్కే సరదా పుడితే, ముందు నడుము లోతు నీళ్లలో పడి మళ్లీ ఎక్కడం నేర్పించుకున్నాకే ముందుకు వెళ్లండి. ఈత రాకపోయినా జాకెట్‌తో అది నేర్చుకోవచ్చు.

బట్టలు, తిండి, దారి

చీర కంటే చుడీదారు మేలు. తడిసిన చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. చీరే కట్టుకోవాలనుకుంటే పలుచటి సింథటిక్ చీర కాస్త పైకి కట్టి, కొంగు నడుముకు బిగించి దోపండి, జాకెట్ కొంగు మీదుగా రావాలి. ఎత్తు మడమల చెప్పులు వద్దు. నగలు లాడ్జిలో కాదు, ఇంట్లోనే పెట్టి రండి! టోపీ, గొడుగు కాదు (గాలికి గొడుగు పడవలో ప్రమాదం), తాగే నీళ్లు, దోమల మందు, ఒక జత పొడి బట్టలు. పడవలో బాత్‌రూమ్ ఉండదు. ఎక్కేముందే పిల్లల్ని తీసుకెళ్లి రండి, మీరూ వెళ్లండి. నెలసరి రోజులైతే కాస్త చిన్న ప్రయాణం ఎంచుకోవడం సుఖం.

వాంతుల స్వభావం ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతోనూ, నిండా తినీ ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు చాలు. పడవ మధ్యలో కూర్చుని దూరంగా ఆకాశం నీరు కలిసే గీతను చూస్తుంటే తిప్పడం తగ్గుతుంది. దారికి చింతపండు పులిహోర శ్రేష్ఠం, మర్నాటి దాకా పాడవదు. పెరుగన్నం ఎండలో పులుస్తుంది, వద్దు. తిన్న కవర్లు నీళ్లలో వేయనివ్వకండి, తాబేళ్లు వాటిని తిండి అనుకుని మింగుతాయి.

వెలిగండ్ల నుంచి కనిగిరి మీదుగా బస్సులో ఒంగోలు, అక్కడ సర్కార్ ఎక్స్‌ప్రెస్ గానీ శేషాద్రి గానీ ఎక్కితే నేరుగా కాకినాడలో దిగుతారు. అక్కడి నుంచి యానాం బస్సులు కోరంగి మీదుగానే పోతాయి. అంత దూరం వీలుకాదంటే నెల్లూరు దాటాక నేలపట్టు ఉంది. చలికాలంలో చెట్ల నిండా గూడబాతులు గూళ్లు కడతాయి, పడవతో పని లేకుండా గట్టు మీద నుంచే చూడొచ్చు. దాని పక్కనే పులికాట్ సరస్సు, ఫ్లెమింగోలు. తిరుపతి వెళ్లొస్తూ ఒక పూట కలుపుకోవచ్చు.

వచ్చేటప్పుడు కాకినాడ గొట్టం కాజాలు మరిచిపోకండి, పాకం కారకుండా స్టీలు డబ్బా తీసుకెళ్లడం మంచిది. బట్టలకు అంటిన మడ బురదను తడిగా ఉండగా రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్‌తో దులిపి, రెండుసార్లు మంచినీళ్లలో జాడించాకే సబ్బు పెట్టండి. ఉప్పు ఉండగా సబ్బు నురగ రాదు. ఆ సంగతి మన బోరునీళ్లతో ఉతికే వాళ్లకు వేరే చెప్పాలా!